1965 ఇంపాలా: కాలమ్ గేర్ తీసి ఫ్లోర్ షిఫ్టర్ పెట్టాను, డి దగ్గర గేరు సరిగా పడటం లేదు

నీలి_ఇంపాలా | చెన్నై | శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను కానీ ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇప్పుడు నిజంగా సాయం కావాలి.

బండి 1965 షెవర్లే ఇంపాలా. నాలుగు తలుపులు, 283 వీ8 ఇంజిను, లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్. అప్పట్లో దౌత్య కార్యాలయాల వాళ్లు వాడి వదిలేసిన కార్లు ఎస్టీసీ (ప్రభుత్వ వాణిజ్య సంస్థ) ద్వారా అమ్మకానికి వచ్చేవి కదా, అలా మా పెదనాన్న కొన్నారు. నెల్లూరు నుంచి మద్రాసుకి మా ఇంట్లో ఎవరి పెళ్లి పనికి వెళ్లినా ఇందులోనే వెళ్లేవాళ్లం. ఊళ్లో అందరూ దీన్ని 'గేరు లేని కారు' అనేవాళ్లు. పెదనాన్న పోయాక పద్నాలుగేళ్లు షెడ్డులో ఉండిపోయింది. దాన్ని మళ్లీ రోడ్డు మీదకి తేవాలని నాకు గట్టి పట్టుదల.

కంపెనీ ఇచ్చింది రెండు గేర్ల పవర్‌గ్లైడ్. అది ఎప్పుడో పోయింది. పెదనాన్న ఉండగానే ఎవరో మెకానిక్ మూడు గేర్ల టీహెచ్-350 పెట్టాడు, స్టీరింగ్ పక్కనున్న పాత గేర్ లివర్‌ని మాత్రం అలాగే ఉంచి దానికే కడ్డీలు కలిపాడు. ఏ గేరులో ఉందో చూపించే సూది ఒకటి చూపిస్తుంది, గేర్‌బాక్స్ ఇంకొకటి చేస్తుంది. పైగా స్టీరింగ్ కాలమ్ లోపల బుష్‌లు పూర్తిగా అరిగిపోయి లివర్ గాలికి ఊగుతోంది. అందుకే అమెరికా నుంచి కేబుల్‌తో పనిచేసే ఫ్లోర్ షిఫ్టర్ కిట్ ఒకటి తెప్పించాను. కొరియర్ ఖర్చూ కస్టమ్స్ సుంకమూ కలిపితే దాని అసలు ధరకి దగ్గరగా వచ్చింది.

నిన్న బిగించాం. నేనూ, మా వీధి చివర వర్క్‌షాప్ అబ్బాయీ. పార్క్‌లో పెట్టి కేబుల్ సరిచేశాం. పార్క్ బ్రహ్మాండంగా పడుతోంది. ఆర్ (రివర్స్) కూడా పర్వాలేదు. డి (డ్రైవ్) లో పెడితే మాత్రం బండి కదలాలా వద్దా అన్నట్టు ఉంటుంది. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిను అరుస్తుంది, బండి నెమ్మదిగా జరుగుతుంది. లివర్‌ని డి దాటించి 2 లో పెడితే శుభ్రంగా లాగుతుంది, మూడో గేరు దాకా వెళ్తుంది. 1 లో పెట్టినా ఫస్ట్‌లో ఆగకుండా రెండో గేరుకి మారిపోతోంది.

గేర్‌బాక్స్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. దారి చూపండి.


పెరంబూరు_ప్లిమత్ | చెన్నై

అభినందనలు తమ్ముడూ. 65 ఇంపాలా అంటే మామూలు బండి కాదు, ఆ ఒక్క మోడల్ ఏడాదిలోనే 10 లక్షలకు పైగా అమ్ముడైంది. దయచేసి ఈ స్థితిలో బండి తోలకు. ఇంటి ముందు అటూ ఇటూ కూడా వద్దు. ఎందుకో మాస్టారు వచ్చి చెప్తారు.


లేత్_మాస్టర్ | అంబత్తూరు

చెప్తాను.

ముందు గేర్‌బాక్స్ ఏదో నిర్ధారించుకోండి. కిందికి వెళ్లి గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ చూడండి. టీహెచ్-350 అయితే 13 బోల్టులు ఉంటాయి, చతురస్రంలా ఉండి ఒక మూల మాత్రం కోసినట్టు ఉంటుంది. పవర్‌గ్లైడ్‌కి 14. ఎవరో చెప్పారని నమ్మకండి, లెక్కపెట్టండి.

ఇప్పుడు అసలు విషయం. షిఫ్టర్ అనేది గేర్లు మార్చే యంత్రం కాదు. అది ఒక చెయ్యి, అంతే. గేర్‌బాక్స్ ఎడమ పక్క నుంచి ఒక చిన్న ఇరుసు బయటికి వస్తుంది, దానికి లివర్ బిగించి ఉంటుంది. లోపల ఆ ఇరుసు మీద కోడిజుట్టులా పళ్లున్న ప్లేటు ఒకటి ఉంటుంది. ఆ పళ్ల మధ్య గుంటల్లోకి స్ప్రింగ్ మీదున్న చిన్న రోలర్ పడుతుంది. ఒక్కో గుంట ఒక్కో స్థానం: పి (పార్క్), ఆర్ (రివర్స్), ఎన్ (న్యూట్రల్), డి (డ్రైవ్), 2, 1. మొత్తం ఆరు. ఆ ప్లేటుకే మాన్యువల్ వాల్వ్ తగిలించి ఉంటుంది. ఆయిల్ ప్రెషర్‌ని ఏ క్లచ్‌కి పంపాలో ఆ వాల్వ్ నిర్ణయిస్తుంది.

రోలర్ గుంటలో కాకుండా పన్ను కొన మీద నిలబడితే వాల్వ్ సగమే తెరుచుకుంటుంది. క్లచ్‌కి ప్రెషర్ సగమే వెళ్తుంది. క్లచ్ పట్టీ పట్టనట్టు జారుతుంది. జారితే వేడి, వేడికి లైనింగ్ మాడుతుంది. మీ బండి డి లో చేస్తున్నది అదే అని నా అనుమానం. గేర్‌బాక్స్ ఇంకా పోయి ఉండదు, కానీ ఇలాగే తోలితే నిజంగానే పోతుంది.

రేపు పొద్దున చేయాల్సింది ఇది. బండిని చదునైన చోట పెట్టి, చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు వేసి, జాకీ స్టాండ్లు లేకుండా కిందికి దూరకుండా, ఇంజిను ఆపి ఉంచి, గేర్‌బాక్స్ లివర్ నుంచి కేబుల్ పిన్ను తీసేయండి. ఇక లివర్‌ని చేత్తో ఒక కొన నుంచి ఇంకో కొనకి తిప్పండి. ఆరు చోట్ల టక్ టక్‌మని స్పష్టంగా పడాలి. పడితే గేర్‌బాక్స్ లోపల క్షేమం, తప్పు బయట ఉంది. బురదలో చెయ్యి పెట్టినట్టు మెత్తగా తిరిగితే లోపలి ప్లేటు నట్టు వదులైందని అర్థం, అప్పుడు ఛాంబర్ దింపాలి.

ఏ కొన పార్కో ఎవరినీ అడగక్కర్లేదు. కొనకి తిప్పి, బండిని స్టాండ్ల మీంచి దించి, హ్యాండ్ బ్రేక్ వదిలి, ఒక దిమ్మ కాస్త జరిపి ఇద్దరు మనుషులు బండిని తోసి చూడండి. కట్టేసినట్టు ఆగితే అదే పార్క్.


పాతబండి | మైలాపూర్

బాబూ, మనసులో మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు.

ఈ బండికి అందం ముందు సీటు. ఒకే బెంచీ. ముగ్గురు హాయిగా కూర్చుంటారు, మధ్యలో పిల్లవాడు కూర్చుంటే వాడికి రోడ్డంతా కనిపిస్తుంది. గేరు స్టీరింగ్ పక్కన ఉండటం వల్లే అది సాధ్యమైంది. ఇప్పుడు నువ్వు ఆ మధ్యలో ఒక కర్ర పాతావు. ఇక అక్కడ కాళ్లు ఎవరు పెడతారు?

ఇంకో సంగతి కూడా. 2021 జూలైలో కేంద్రం పాత వాహనాల రిజిస్ట్రేషన్‌కి నియమాలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండి, ఛాసీలోగానీ బాడీ షెల్‌లోగానీ ఇంజినులోగానీ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. రుసుము 20,000, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. గేర్ లివర్ మార్చినంత మాత్రాన ఎవరూ కాదనరేమో గానీ, ఫ్లోర్ రేకు కోస్తే అది బాడీని ముట్టుకోవడమే. నువ్వు ఎంత కోశావు? అది చెప్పు ముందు.

అరిగిన కాలమ్ బుష్‌లు కొత్తవి దొరుకుతాయి. దొరక్కపోతే మాస్టారి లాంటి వాళ్లు నైలాన్ కడ్డీలో తిప్పి ఇస్తారు. అసలుది బాగు చేసుకునే దారి ఉండగా కొత్తది ఎందుకు?


నీలి_ఇంపాలా | చెన్నై | ఆదివారం తెల్లవారుజామున

బాబాయ్ గారూ, కోపం ఎందుకండీ. ఆ మధ్య సీట్లో కూర్చుని పెరిగినవాణ్ణే నేను.

రేకు మేం కోయలేదు. కార్పెట్ తీసినప్పుడు చూస్తే ట్రాన్స్‌మిషన్ గూడు మీద అరచేయంత చిల్లు ముందే ఉంది, దాని మీద రేకు ముక్క స్క్రూలతో బిగించి తారు పూసి ఉంది. గేర్‌బాక్స్ మార్చిన మెకానిక్ చేతికి అందడం కోసం చేసుకున్న ఏర్పాటు అనుకుంటా. షిఫ్టర్ అడుగుభాగాన్ని ఆ రేకు స్థానంలో 3 మిల్లీమీటర్ల ప్లేటు వేసి దాని మీద కూర్చోబెట్టాం. కొత్తగా ఒక్క చిల్లు కూడా పెట్టలేదు.

కాలమ్ గురించి మీరన్నది నిజమే. బుష్‌లు మార్చినా ఇంకో చిక్కు మిగిలిపోతోంది. కాలమ్ లోపలి పట్టీ రెండు గేర్ల బాక్సు కోసం చేసింది, పి ఆర్ ఎన్ డి ఎల్ (ఎల్ అంటే కింది గేరు) అని అయిదే స్థానాలు. గేర్‌బాక్స్‌లో ఆరు. మూడో గేరులో ఉన్నామా, రెండులో ఉన్నామా అన్నది చెవితో విని తెలుసుకోవాల్సిన పరిస్థితి. నేను ఒక్కణ్ణే తోలితే సర్దుకుపోయేవాణ్ణి. మా చెల్లెలు కూడా తోలుతుంది. ఆమెకి సూది అబద్ధం చెప్పకూడదు.


బసవనగుడి_బెంజ్ | బెంగళూరు

సూది అబద్ధం చెప్పకూడదు అన్నారు చూశారా, నేను రాయాలనుకున్నది సరిగ్గా అదే.

నాది డబ్ల్యూ123 బెంజ్, ఆటోమేటిక్. అందులో కేబుల్ ఉండదు, గేర్ లివర్ నుంచి బాక్సుకి ఒక కడ్డీ, రెండు కొసలా చిన్న ప్లాస్టిక్ బుష్‌లు. వాటి ఖరీదు ఒక పూట హోటల్ భోజనమంత. అవి అరిగిపోయి ఉన్నాయని తెలిసి కూడా మూడు నెలలు వాయిదా వేశాను. ఒక సాయంత్రం గవిపురం దగ్గర వాలులో ఆపి, లివర్ పి లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగకుండా దిగాను. పది అడుగులు వేశానో లేదో బండి వెనక్కి జారడం మొదలెట్టింది. లివర్ పి లోనే ఉంది. బాక్సు మాత్రం పార్క్‌లో లేదు. ఒక పెద్దావిడ పూలబుట్టతో వెనక నుంచి దాటుతున్నారు. నేను అరిచిన అరుపుకి ఆవిడ పక్కకి తప్పుకున్నారు, బండి వేపచెట్టుకి తగిలి ఆగింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు విడిభాగాల షాపులుండే జేసీ రోడ్డు తెరవకముందే వెళ్లి షట్టర్ ముందు నిలబడ్డాను.

ఇది నా ఒక్కడి కథ కాదు. అమెరికాలో ఫోర్డ్ బండ్ల మీద ఇదే ఫిర్యాదు పెద్ద ఎత్తున వచ్చింది. పార్క్‌లో పెట్టామనుకుని దిగితే బండి రివర్స్‌లోకి జారిపోతోందని. లివర్ పి కీ ఆర్ కీ మధ్య ఎక్కడో నిలబడిపోవడం, ఇంజిను కదలికకి అది ఆర్ లోకి పడిపోవడం. చివరికి 1980లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి, 1966 నుంచి 1980 దాకా వచ్చిన సుమారు 2.3 కోట్ల బండ్ల యజమానులకు డ్యాష్‌బోర్డు మీద అంటించుకోమని హెచ్చరిక స్టిక్కర్లు పంపారు.

కాబట్టి డి సంగతి తేలాక కూడా పార్క్‌ని వాలులో పరీక్షించకుండా వదలకండి. చెన్నైలో చదునే కదా అనుకోకండి. ఏదో ఒక రోజు యేర్కాడు కొండ ఎక్కుతారు.


టీనగర్_తోలుబండి | చెన్నై

ఆయిల్ తక్కువైనా ఇలాగే జారుతుంది కదా? ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) లెవెల్ చూశారా? మాడ్యులేటర్ పోయినా గేర్లు ఆలస్యంగా మారతాయి.


లేత్_మాస్టర్ | అంబత్తూరు

లెవెల్ తప్పకుండా చూడాలి. షెవర్లేకి ఇంజిను నడుస్తూ, వేడెక్కి, పార్క్‌లో ఉండగా డిప్‌స్టిక్ తీసి చూడాలి. క్రైస్లర్ బండ్లకి న్యూట్రల్‌లో. ప్లిమత్ కూడా క్రైస్లర్‌దే, ఆ బండి వాళ్లు కలగాపులగం చేసుకోకండి. ఆయిల్ ఎర్రగా ఉండాలి. మాడిన వాసన వస్తే క్లచ్ లైనింగ్ పోతున్నట్టే.

మాడ్యులేటర్ వేరే రోగం. అది ఇంజిను వాక్యూమ్‌ని బట్టి గేరు ఎప్పుడు మారాలో, ఎంత ప్రెషర్‌తో పట్టాలో చెప్తుంది. దాని పొర చిరిగితే ఇంజిను ఏటీఎఫ్‌ని పీల్చుకుని సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంది. ఈయన బండి 2 లో పెడితే శుభ్రంగా లాగుతోంది, పొగ గురించి రాయలేదు. ఆయిల్ తక్కువైతే అన్ని చోట్లా జారాలి, ఒక్క డి లోనే జారదు. నేను లివర్‌నీ బాక్సునీ కలిపే లింకేజీ దగ్గరే నిలబడతాను.


నీలి_ఇంపాలా | చెన్నై | ఆదివారం మధ్యాహ్నం

మాస్టారూ, బోల్టులు 13. మూల కోసినట్టే ఉంది. కేబుల్ తీసి చేత్తో తిప్పాను. ఆరు టక్‌లు, ఒక్కోటి తాళం పడ్డట్టు! వినగానే ప్రాణం లేచొచ్చింది. ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉంది, ఎర్రగానే ఉంది, వాసన లేదు.

కానీ ఒకటి గమనించాను. కిట్‌లో గేర్‌బాక్స్ కోసం ఒక లివర్ కూడా ఇచ్చారు. పాత లివర్ నట్టు తుప్పు పట్టి ఊడలేదని వర్క్‌షాప్ అబ్బాయి పాతదాన్నే ఉంచి, దానికున్న చిల్లుకే కేబుల్ తగిలించాడు. ఇరుసు మధ్య నుంచి చిల్లు మధ్యకి కొలిచాను. పాత లివర్‌లో 70 మిల్లీమీటర్లు. కిట్ లివర్‌లో 58. ఇది ముఖ్యమా?


లేత్_మాస్టర్ | అంబత్తూరు

ముఖ్యమా అంటారేంటి బాబూ, దొంగ దొరికాడు!

నిదానంగా చదవండి, ఇది అర్థమైతే ఇక ఏ బండికైనా మీరే సరిచేసుకుంటారు. షిఫ్టర్‌లో ఒక్కో మెట్టుకి కేబుల్ ఇంత అని కొలతగా జరుగుతుంది. ఆ జరుగుడు 58 మిల్లీమీటర్ల లివర్ చివర తగిలితే ఇరుసు సరిగ్గా ఒక గుంట తిరుగుతుంది. అదే జరుగుడు 70 చివర తగిలితే ఇరుసు తక్కువ తిరుగుతుంది. బావి గిలక చిన్నదైతే అదే తాడుకి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, పెద్దదైతే తక్కువ. ఇదీ అంతే.

58 ని 70 తో భాగించండి. సుమారు 0.83. అంటే మీరు ఒక మెట్టు వేస్తే బాక్సు 0.83 మెట్టు వేస్తోంది. పార్క్‌లో సరిచేశారు కాబట్టి అక్కడ తేడా సున్నా. ఆర్ దగ్గర 0.83, రోలర్ తానే గుంటలోకి లాక్కుంటుంది. ఎన్ దగ్గర 1.66, కష్టపడి లాక్కుంటుంది. డి దగ్గర 2.49. చూశారా? ఎన్ కీ డి కీ సరిగ్గా మధ్యన, పన్ను కొన మీద! మీరు 2 లో పెడితే 3.3, అంటే బాక్సు నిజానికి డి లో ఉంది, అందుకే మూడో గేరు దాకా వెళ్లింది. 1 లో పెడితే 4.14, బాక్సు 2 లో ఉంది, అందుకే ఫస్ట్‌లో ఆగకుండా సెకండ్‌కి మారింది. మీరు మొదటి రోజు రాసిన లక్షణాలన్నీ ఈ ఒక్క లెక్కలో కూర్చున్నాయి.

లివర్ చివర వృత్తంలో తిరుగుతుంది కాబట్టి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. సంగతి మాత్రం అదే.

కేబుల్‌ని ఎంత సరిచేసినా ఇది తగ్గదు. డి దగ్గర సరిపెడితే పార్క్ తప్పుతుంది. ఆ తప్పు ఇంకా ప్రమాదం, బెంజ్ అన్న రాసింది చదివారు కదా. పాత లివర్ తీసి కిట్ లివర్ పెట్టాల్సిందే.

నట్టుకి తుప్పు వదిలించే నూనె రాత్రంతా పెట్టండి. తిప్పేటప్పుడు లివర్‌ని ఇంకో స్పానర్‌తోనో గ్రిప్ ప్లయర్‌తోనో గట్టిగా పట్టుకోండి. పట్టుకోకుండా బలమంతా నట్టు మీద వేస్తే ఆ బలం లోపలి కోడిజుట్టు ప్లేటు మీద పడుతుంది. బిగించేటప్పుడూ అంతే. ఈ ఒక్క మాట మర్చిపోవద్దు.


కోడంబాకం_కరెంట్ | చెన్నై

నాదొక ప్రశ్న. న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ ఏం చేశారు?

ఈ బండిలో అది స్టీరింగ్ కాలమ్ మీద ఉంటుంది. కాలమ్ లివర్ పి లోనో ఎన్ లోనో ఉంటేనే సెల్ఫ్‌కి కరెంటు పోనిస్తుంది. ఇప్పుడు కాలమ్ లివర్‌ని పి లో కట్టేసి ఉంటారు. అంటే ఆ స్విచ్ దృష్టిలో బండి ఎప్పుడూ పార్క్‌లోనే ఉంది. మీరు ఫ్లోర్ షిఫ్టర్‌ని డి లో ఉంచి తాళం తిప్పినా సెల్ఫ్ తిరుగుతుంది, బండి ముందుకి దూకుతుంది. ముందు ఎవరున్నారన్నది అదృష్టం.

రివర్స్ లైట్లు కూడా వెలగవు, చూసి ఉండరు.


నీలి_ఇంపాలా | చెన్నై

అన్నా, ఇప్పుడే వెళ్లి చూశాను. కాలమ్ లివర్ పి లోనే తీగతో కట్టి ఉంది. షిఫ్టర్‌తో వచ్చిన చిన్న స్విచ్‌లు రెండూ ప్లాస్టిక్ సంచిలోనే ఉన్నాయి. వర్క్‌షాప్‌లో 'అది అవసరం లేదు సార్, బండి స్టార్ట్ అవుతోందిగా' అన్నారు. రివర్స్ లైట్లు వెలగట్లేదు. ఎలా కలపాలో చెప్పండి.


కోడంబాకం_కరెంట్ | చెన్నై

అవసరం లేదు అన్న మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఇంజినీర్లు ఏళ్ల తరబడి ఆలోచించి పెట్టిన స్విచ్ అది. అమెరికాలో 1968 జనవరి 1 నుంచి అది చట్టం కూడా: గేరులో ఉండగా సెల్ఫ్ తిరగకూడదు, రివర్స్‌కీ ముందుకి వెళ్లే గేరుకీ మధ్య న్యూట్రల్ ఉండి తీరాలి. మీ బండి అంతకు ముందుదే అయినా కంపెనీ అప్పటికే పెట్టింది.

ముందు బ్యాటరీ వైరు తీయండి. జనరల్ మోటార్స్ బండ్లలో సెల్ఫ్‌కి వెళ్లే వైరు ఊదా రంగు. కాలమ్ స్విచ్ దగ్గర ఆ వైరు ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు నుంచి సెల్ఫ్ సోలెనాయిడ్‌కి వెళ్తుంది. ఆ రెండు కొసల్నీ స్విచ్ నుంచి విడదీసి, కొత్త స్విచ్ దాకా పొడిగించండి. అరవై ఏళ్ల వైరింగు మీద రంగుని మాత్రమే నమ్మకండి, టెస్ట్ ల్యాంపుతో చూసుకోండి. పొడిగించే వైరు పాతదాని కంటే సన్నగా ఉండకూడదు, సోలెనాయిడ్ కరెంటు గట్టిగానే లాగుతుంది. రివర్స్ లైటు వైర్లు రెండో స్విచ్‌కి. అతుకులు టేపు చుట్టి వదలకండి, సోల్డర్ చేసి కుచించుకునే గొట్టం తొడగండి. మన సముద్రపు గాలికి రాగి పచ్చబడటానికి రెండు వానాకాలాలు చాలు.

అయ్యాక పరీక్ష. చక్రాలకి దిమ్మలు, హ్యాండ్ బ్రేక్, కాలు బ్రేకు మీద, బండి ముందూ వెనకా మనిషి లేకుండా. ఆరు స్థానాల్లోనూ తాళం తిప్పి చూడండి. పి, ఎన్ రెండింట్లోనే సెల్ఫ్ తిరగాలి.


పెరంబూరు_ప్లిమత్ | చెన్నై

నట్లు, బోల్టులు కావాలంటే పుదుపేటలో వెతకొచ్చు తమ్ముడూ. ఇంచీ కొలత అని చెప్పి అడుగు, లేకపోతే మెట్రిక్‌వి ఇచ్చి పంపిస్తారు. అవి మొదటి రెండు చుట్లు సరిపోయినట్టే ఉంటాయి, తర్వాత మర పాడవుతుంది.


నీలి_ఇంపాలా | చెన్నై | తర్వాతి ఆదివారం రాత్రి

వారం రోజులు బండి తోలలేదు. ఇవాళ పొద్దున ఆరింటికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటికి ముగించాం. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

పాత నట్టుకి మూడు రాత్రులు నూనె పెట్టాను. మాస్టారు చెప్పినట్టు గ్రిప్ ప్లయర్‌తో లివర్ పట్టుకుని తిప్పితే చిన్న శబ్దం చేసి వదిలింది. కిట్ లివర్ పెట్టి, మళ్లీ అలాగే పట్టుకుని బిగించాను. చేత్తో తిప్పి ఆరు టక్‌లు మళ్లీ లెక్కపెట్టాను.

కేబుల్ బ్రాకెట్ ఛాంబర్ బోల్టులు రెండింటికి బిగుస్తుంది. మొదటిసారి ఆ అబ్బాయి దాన్ని బలమంతా పెట్టి బిగించాడు, అక్కడ నుంచి ఆయిల్ చెమ్మగా కారుతోంది. ఛాంబర్ రేకు అంచు వంగింది. దింపి, అంచుని చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో చదును చేసి, కొత్త గ్యాస్కెట్ వేసి, టార్క్ రెంచ్‌తో 16 న్యూటన్ మీటర్లే పెట్టాను. అది చేతికి చాలా తక్కువ అనిపిస్తుంది, ఇంకాస్త తిప్పాలనిపిస్తుంది. తిప్పకూడదు.

ఇక్కడ మీరెవరూ చెప్పని చిక్కు ఒకటి వచ్చింది. కిట్ లివర్ పొట్టిది కాబట్టి కేబుల్ కొస ఇప్పుడు వేరే ఎత్తులో వస్తోంది, ఎడమ వైపు సైలెన్సర్ పైపుకి రెండు వేళ్ల దూరంలో. ఇంజిను అరగంట తిరిగితే కేబుల్ లోపలి ప్లాస్టిక్ కరిగిపోతుంది. విడదీసి, వెనక్కి ఒక పెద్ద వంపుగా తిప్పి క్లిప్పు వేశాను. ఎక్కడా చిన్న వంపు లేకుండా చూశాను, ఎందుకంటే వంపు చిన్నదైతే లోపలి తీగ బిగుసుకుపోయి లివర్ బరువైపోతుంది. పైపు దగ్గరి భాగానికి వేడి ఆపే తొడుగు వేశాను. ఇప్పుడు మధ్యలో నా చెయ్యి హాయిగా పడుతుంది.

తర్వాత సర్దుబాటు. షిఫ్టర్ పి లో, బాక్సు పి లో. కేబుల్ చివరి ముక్కని మరమీద తిప్పుతూ, పిన్ను లివర్ చిల్లులోకి తోయకుండా తానే జారేదాకా తెచ్చాను. పిన్ను పెట్టకుండానే 1 దాకా ఒక్కో స్థానంలో షిఫ్టర్‌నీ బాక్సునీ విడివిడిగా పెట్టి, పిన్ను జారుతుందో లేదో చూశాను. ఆరింట్లోనూ జారింది. అప్పుడు పిన్ను వేసి, స్ప్లిట్ పిన్ వంచి, చెక్ నట్ బిగించాను.

స్విచ్‌లు కలిపాను. ఆరు స్థానాల్లో చూశాను, రెండింట్లోనే సెల్ఫ్ తిరిగింది. రివర్స్ లైట్లు వెలగగానే మా చెల్లెలు చప్పట్లు కొట్టింది. మేం పుట్టాక ఆ లైట్లు వెలగడం చూడలేదు.

సాయంత్రం అయిదింటికి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద కోవళం దాకా వెళ్లొచ్చాం. డి లో పెట్టగానే చిన్న తోపుడు, బ్రేకు వదలగానే బండి కదిలింది. ఫస్ట్ నుంచి సెకండ్, సెకండ్ నుంచి థర్డ్ ఎక్కడ మారిందో ఇంజిను శబ్దం వింటే తప్ప తెలియలేదు. పెదనాన్న తోలినప్పుడు ఇలా ఉండేది కాదు, అప్పుడు ప్రతి మార్పుకీ ఒక కుదుపు ఉండేది. వెనక సీట్లో అమ్మ ఏమీ మాట్లాడలేదు, కిటికీ దించుకుని చూస్తూ కూర్చుంది.


పాతబండి | మైలాపూర్

చదివి కళ్లు చెమ్మగిల్లాయి బాబూ. రేకు కోయలేదన్నావు, ఉన్న చిల్లునే వాడావు. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక్క కోరిక. పాత కాలమ్ కడ్డీలు, లివర్, బుష్‌లు, ఆ సూది ఉన్న గాజు, ఏదీ పాత ఇనుము వాడికి వేయకు. గ్రీజు పూసి, గుడ్డలో చుట్టి, ఏది ఎక్కడిదో చీటీ రాసి కట్టి పైన పెట్టు. రేపు ఎప్పుడైనా పవర్‌గ్లైడ్ బాక్సు దొరికి, దాన్ని పుట్టినప్పటి రూపానికి తేవాలని నీకో నీ తర్వాతివాళ్లకో అనిపిస్తే ఆ మూట ఉండాలి. పవర్‌గ్లైడ్‌ని 1950 నుంచి 1973 దాకా చేశారు, అంత అరుదైన బాక్సేమీ కాదు. పొడవులో కూడా చిన్న తోక ఉన్న టీహెచ్-350 కి సమానం, ప్రొపెల్లర్ షాఫ్ట్ మార్చే పని లేదు. అందుకే ఆనాటి మెకానిక్ అంత సులువుగా మార్చగలిగాడు.


పీణ్యా_కొత్తవాడు | బెంగళూరు

నా దగ్గర పవర్‌గ్లైడ్ బాక్సే ఉంది. ఇదే కిట్ నాకు సరిపోతుందా?


లేత్_మాస్టర్ | అంబత్తూరు

అలాగే పెట్టకండి. మీ బాక్సుకి అయిదే గుంటలు. ఈ షిఫ్టర్ ఆరు మెట్లది. రెండు గేర్ల బాక్సుకి సరిపడే మెట్ల ప్లేటు, లివర్, బ్రాకెట్ కిట్‌లో ఉన్నాయో లేదో కొనేముందు అడగండి. కొన్ని కిట్‌లలో ప్లేట్లు మార్చుకునే వీలుంటుంది. బ్రాకెట్ కూడా చూసుకోండి, మీ ఛాంబర్ బోల్టుల వరస వేరు.


బసవనగుడి_బెంజ్ | బెంగళూరు

నీలి తమ్ముడూ, వాలు పరీక్ష చేశావా?


నీలి_ఇంపాలా | చెన్నై | రెండు వారాల తర్వాత

చేశానన్నా. మా బంధువుల అపార్ట్‌మెంట్‌లో సెల్లార్‌లోకి దిగే ర్యాంప్ ఉంది. వాచ్‌మన్‌ని అడిగి, వెనక ఇద్దరు దిమ్మలు పట్టుకుని నిలబడగా, పి లో పెట్టి బ్రేకు మెల్లగా వదిలాను. ఒక అంగుళం జరిగి టక్‌మని ఆగింది. ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి. రెండుసార్లూ ఆగింది. అయినా హ్యాండ్ బ్రేక్ లాగకుండా దిగడం మానేశాను. చెల్లెలికీ అదే చెప్పాను.

200 కిలోమీటర్లు తిరిగాక ఇవాళ కిందికి వెళ్లి చూశాను. ఛాంబర్ పొడిగా ఉంది. లివర్ నట్టు కదల్లేదు. కేబుల్ చెక్ నట్ మాత్రం పావు చుట్టు వదులైంది, మళ్లీ బిగించి దాని మీద పసుపు రంగు గీత పెట్టాను, ఈసారి కదిలితే కంటికి కనపడాలని. కరెంట్ అన్నా, ఊదా వైరు అతుకు మీరూ ఒకసారి చూడాలి, రేపు పగటి వెలుతురులో ఫోటో తీసి పెడతాను.